యాభై మంచాల ఇల్లు: గోదావరి డెల్టాలో పిల్లల గృహాలు ఎలా పుట్టాయి, ఎందుకు అలా కట్టారు

గోదావరి జిల్లాల్లో పెద్దవాళ్ల సంవత్సరీకమైనా, పిల్లవాడి పుట్టినరోజైనా దగ్గరలోని అనాథాశ్రమంలో ఒకపూట భోజనం పెట్టించడం చాలా కుటుంబాల్లో అలవాటు. మంచి మనసుతోనే వెళతారు. వరుసగా కూర్చున్న పిల్లలను చూసి, వీళ్లకు ఎవరూ లేరు పాపం అనుకుని బరువెక్కిన గుండెతో తిరిగి వస్తారు. నిజానికి ఆ వరుసలో చాలామందికి తల్లో తండ్రో ఉంటారు. కేంద్ర ప్రభుత్వం దేశమంతటా చేయించి 2018లో బయటపెట్టిన పరిశీలనలో 9,589 గృహాలు లెక్కకు వచ్చాయి. వాటిలో సంరక్షణ అవసరమని చేరిన పిల్లలు సుమారు 3.70 లక్షలు. అందులో అమ్మానాన్నలను కోల్పోయినవారు 42 వేలకు మించలేదు. ఒంటరి తల్లి లేదా ఒంటరి తండ్రి ఉన్న పిల్లలు 1.20 లక్షలు దాటారు.

అంటే ఈ గృహాలను నింపుతున్నది ముఖ్యంగా మరణం కాదు, పేదరికం. ఇల్లు గడవని తల్లి, తాగుడుకు బానిసైన తండ్రి, పని కోసం దేశం దాటిన అమ్మ, జబ్బు, అప్పు. ఇంత తేడా ఉన్న పిల్లలందరికీ మనం ఒకే రకం భవనం ఎందుకు కట్టాం? పొడవైన హాలు, వరుసగా మంచాలు, చివర వార్డెన్ గది, చుట్టూ ప్రహరీ, ముందు ఇనుప గేటు. డెల్టాలో ఏ పట్టణానికి వెళ్లినా ఈ నమూనా పెద్దగా మారదు. ఇది ఆకాశం నుంచి ఊడిపడలేదు. దీని వెనుక మూడు వేర్వేరు చరిత్రలున్నాయి: దయతో నడిచిన మిషన్ బోర్డింగులు, జైలు సంస్కరణ నుంచి పుట్టిన చట్టం, చదువు కోసం వచ్చిన సంక్షేమ హాస్టలు. ఈ మూడూ కలగలిసి పోవడం వల్లనే పిల్లల గృహం అనగానే మన ఆలోచన గందరగోళంలో పడుతోంది.

భవనాలు రాకముందు

పంతొమ్మిదో శతాబ్దం మొదట్లో తల్లిదండ్రులు పోయిన పిల్లవాడు అమ్మమ్మ ఇంటికో మేనమామ పంచకో చేరేవాడు. పిల్లలు లేని పినతల్లి ఉంటే పెంచుకునేది. బ్రాహ్మణ కుటుంబాల్లో చదువుకోవాలనుకున్న పేద కుర్రవాడికి వారాలు ఉండేవి. సోమవారం ఒక ఇంట్లో, మంగళవారం మరో ఇంట్లో భోజనం. పడక ఎవరి అరుగు మీదో. అలా వారాలు చేసుకుని చదివి పైకి వచ్చినవాళ్లు కోనసీమ అగ్రహారాల్లో ఎందరో ఉన్నారు. సంస్థ లేకుండా, చందా పుస్తకం లేకుండా ఒక ఊరు ఒక పిల్లవాణ్ణి పెంచగలదని చూపిన ఏర్పాటు అది.

కానీ ఆ అరుగు అందరిదీ కాదు. దళిత పేటలో తండ్రి పోయిన పిల్లవాడికి వారాలు లేవు. రైతు ఇంట్లో పశువుల కాపరిగా చేరి పాకలో గడ్డివాము పక్కన పడుకునేవాడు; వయసు వచ్చాక అక్కడే పాలేరు అయ్యేవాడు. కడుపు నిండుతోంది కాబట్టి దాన్నీ ఆశ్రయమే అన్నారు. డెల్టాలో పాతకాలపు ఉమ్మడి జీవితాన్ని తలచుకుని మురిసిపోయేటప్పుడు ఈ రెండో పిల్లవాణ్ణి కూడా గుర్తుంచుకోవాలి. తర్వాత వచ్చిన బోర్డింగుల మెట్లు మొదట ఎక్కింది ఎక్కువగా అతనే.

అన్నం పెట్టే చేతులు డెల్టాలో ఎప్పుడూ ఉన్నాయి. లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మగారు (1841–1909) వేళాపాళా చూడకుండా వచ్చినవారికల్లా వండి వడ్డించారు. అయితే అన్నసత్రం ఆకలి తీర్చి పంపుతుంది. పిల్లవాణ్ణి పదేళ్లు, పదిహేనేళ్లు దగ్గర పెట్టుకుని పెంచడం వేరే పని.

ఆ పని అవసరమయ్యేలా చేసినవి కరువులు, తుపానులు. 1833 కరువు గుంటూరు సీమను ఊడ్చివేసింది, గోదావరి వైపునూ వదల్లేదు. 1839 తుపాను కోరంగి రేవును ముంచేసింది. అప్పటి రాజమండ్రి జిల్లా జనాభా 1821లో దాదాపు 7.38 లక్షలు, 1841 నాటికి అది 5.61 లక్షలకు పడిపోయింది. ఇంతమంది చనిపోయి, వలసపోయి చెదిరిన చోట మేనమామ కూడా మిగలని పిల్లలు ఎందరుంటారో ఊహించవచ్చు. 1847లో ధవళేశ్వరం దగ్గర కాటన్ దొర మొదలుపెట్టిన ఆనకట్ట 1852కి పూర్తయింది. ఆ తర్వాత 1876–78 నాటి ధాత కరువు దక్షిణాదిని పీల్చి పిప్పి చేసినా, కాలువ నీళ్లున్న డెల్టా చాలావరకు తట్టుకుంది. తట్టుకుంది కాబట్టే ఆకలితో ఉన్నవాళ్లు ఇటు నడిచి వచ్చారు.

మిషన్ కాంపౌండు

1836లో ఇంగ్లండు నుంచి బయలుదేరి వచ్చిన విలియం బౌడెన్, జార్జి బీర్ కుటుంబాలు నరసాపురం, పాలకొల్లు ప్రాంతంలో స్థిరపడ్డాయి. వారితో మొదలైందే గోదావరి డెల్టా మిషన్. రాజమండ్రిలో లూథరన్ మిషన్ 1840లలో పనిచేయడం ప్రారంభించింది. కెనడియన్ బాప్టిస్టులు 1874లో కాకినాడకు వచ్చారు. బడి పెడితే దూరపు ఊళ్ల పిల్లలు రోజూ రాలేరు కాబట్టి బోర్డింగు వచ్చింది. బోర్డింగు వచ్చాక, తిరిగి వెళ్లడానికి ఇల్లు లేని పిల్లలు అందులోనే ఉండిపోయారు. బడికి అనుబంధంగా మొదలైన పడకగది అలా పెంపకం ఇల్లయింది. ఈ మార్పును ఎవరూ ముందుగా గీసుకుని కట్టలేదు. నా దృష్టిలో ఇది చాలా ముఖ్యమైన సంగతి, ఎందుకంటే ఈ రోజుకీ మన గృహాల్లో చాలావాటి ఆకారం బడిదే తప్ప ఇంటిది కాదు.

పాత మిషన్ కాంపౌండుల్లో నిలిచి ఉన్న హాళ్లను జాగ్రత్తగా చూస్తే రెండు విషయాలు తెలుస్తాయి. మొదటిది, అవి సన్నగా పొడవుగా ఉంటాయి. గది వెడల్పును నిర్ణయించింది దూలం. పాపికొండల పైనుంచి తెప్పలుగా కట్టి గోదావరిలో వదిలిన టేకు దుంగలు దిగువకు చేరేవి. ఆ దుంగ ఎంత పొడవుంటే గది అంత వెడల్పు. పిల్లలు పెరిగిన కొద్దీ వెడల్పు పెంచడం కుదరదు, పొడవు పెంచుకుంటూ పోవడమే. రెండోది గాలి. చెడ్డ గాలి వల్లే రోగాలు వస్తాయని నమ్మిన కాలం అది. సిపాయిల బారకాసుల్లో, ఆసుపత్రి వార్డుల్లో తలకు ఇంత గాలి ఉండాలని లెక్కలు కట్టి ఎత్తైన కప్పులు, ఎదురెదురు కిటికీలు పెట్టారు. అదే పద్ధతి పిల్లల హాలుకూ వచ్చింది. ఉక్కపోతతో చచ్చే మన వేసవిలో ఆ ఎత్తైన కప్పు, చుట్టూ వరండా నిజంగా మేలు చేశాయి. ఈనాటి స్లాబు గదులతో పోలిస్తే అవి చాలా నయం.

బారకాసు నుంచి గాలితో పాటు మరొకటి కూడా వచ్చింది. చూపు. హాలు ఒక చివర పిల్లలను చూసుకునే పెద్దమ్మ (మేట్రన్) గది, ఆ గదికి హాలువైపు ఒక కిటికీ. అక్కడ నిలబడితే చివరి మంచం దాకా కనిపించాలి. ఒక్క మనిషి నలభై మందిని కనిపెట్టి ఉండాలంటే వేరే దారి లేదు. మూల అన్నది ఉంటే అక్కడ కొట్లాట, ఏడుపు, చెప్పుకోలేని పనులు జరుగుతాయని భయం. ఆ భయం అబద్ధమూ కాదు. కానీ మూలలేని గదిలో పెరిగే పిల్లకు ఒంటరిగా ఏడ్చే చోటు కూడా ఉండదు.

అదే కాలంలో, అదే నేలమీద మన మేస్త్రులు కట్టిన మండువా లోగిలిని దీని పక్కన పెట్టి చూడండి. మధ్యలో ఆకాశానికి తెరిచిన చదరం, నాలుగు వైపులా వాలిన పెంకులు, వాన పడితే నీళ్లు మండువాలోకి దిగి తూములోంచి బయటికి. చుట్టూ వసారా, దాని వెనక చిన్న గదులు. వసారాలో కూర్చుని పప్పు చెరుగుతున్న అమ్మమ్మకు ఇంట్లోని పిల్లలందరూ కనిపిస్తారు, అయినా ఒకపిల్ల ధాన్యపు గది తలుపు వెనక దాక్కోవచ్చు. ఒక చూపు, పది మూలలు. పాతికమంది ఉన్న ఉమ్మడి కుటుంబం అందులో ఇమిడింది. పిల్లల గృహం కట్టాలనుకున్నవాళ్లు పక్క వీధిలోని ఈ ఇంటిని నమూనాగా తీసుకోకపోవడం ఈ చరిత్రలో నాకు బాధ కలిగించే విషయం. బంగళా మీద గౌరవం, లోగిలిలో కులం గోడలు, రెండూ అందుకు కారణాలే.

దేశీయ సంస్కర్తలూ ఊరుకోలేదు. బాల్యంలోనే భర్త పోయిన పిల్లలు అప్పట్లో ఇంట్లో ఉండి కూడా దిక్కులేనివాళ్లే. కందుకూరి వీరేశలింగం 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో మొదటి వితంతు వివాహం జరిపించారు. ఆ తర్వాత వితంతువులకు శరణాలయం నడిపారు, 1906లో హితకారిణీ సమాజాన్ని నెలకొల్పి తన ఆస్తిని దానికి రాసిచ్చారు. కాకినాడలో రఘుపతి వెంకటరత్నం నాయుడు ప్రోత్సాహంతో, పిఠాపురం మహారాజా ధనసహాయంతో అనాథ శరణాలయం, దళిత విద్యార్థులకు వసతి వచ్చాయి. ఈ ఇద్దరి పనిలో గమనించదగినది ఒకటుంది. వాళ్లు పిల్లలను సమాజం నుంచి తీసి దాచలేదు. అదే పిల్లల పెళ్లికి, చదువుకు, ఉద్యోగానికి ఊరితో పోట్లాడారు.

జైలు పక్కనుంచి వచ్చిన దారి

రెండో చరిత్ర మొదట్లో దయ పేరు ఎత్తలేదు. 1850లో వచ్చిన అప్రెంటిస్ చట్టం దిక్కులేని పిల్లలను, చిన్న నేరాలు చేసిన పిల్లలను పనివాళ్ల దగ్గర కుదిర్చి నేర్పించాలంది. 1876, 1897 చట్టాలు జైలుకు బదులు రిఫార్మేటరీ బడిని, అంటే నేరం చేసిన పిల్లలను ఉంచి దిద్దే బడిని తెచ్చాయి. మద్రాసు ప్రెసిడెన్సీకి అలాంటిది చెంగల్పట్టులో 1887లో ఏర్పడింది. గోదావరి ఒడ్డు పిల్లవాడికి అది భాష తెలియని దూరదేశం. 1919–20లో భారత జైళ్ల కమిటీ పిల్లలను పెద్ద ఖైదీలతో కలపవద్దని గట్టిగా చెప్పింది. 1920లో మద్రాసు బాలల చట్టం వచ్చింది, దేశంలో ఇలాంటి చట్టాల్లో అదే మొదటిది. తర్వాత 1922లో బెంగాల్, 1924లో బొంబాయి దాన్ని అనుసరించాయి.

మద్రాసు చట్టం మంచి ఉద్దేశంతోనే వచ్చింది. కానీ ఒక మెలిక పెట్టింది. దొంగతనం చేసిన పిల్లవాడు, తిండిలేక రైల్వేస్టేషన్లో తిరిగే పిల్లవాడు ఇద్దరూ కోర్టు ముందుకే వచ్చారు, ఇద్దరికీ సర్టిఫైడ్ స్కూలే, అంటే ప్రభుత్వం గుర్తించిన దిద్దుబాటు బడే దారి. పోలీసు తీసుకురావడం, మేజిస్ట్రేటు పంపడం, గేటు దగ్గర పేరు రాయించుకోవడం. పేదవాడి కొడుక్కీ నేరస్థుడి ముద్ర ఇలాగే అంటుకుంది. ఎత్తు ప్రహరీలు, ఒకే గేటు, హాజరు పిలుపులు ఆ వంశం నుంచే వచ్చాయి. మిషన్ హాలుకు ఆ గోడ తోడవడంతో ఇప్పుడు మనం చూసే ఆకారం పూర్తయింది.

ఈ మెలిక విడిపోవడానికి ఎనభై ఏళ్లు పట్టింది. 1986 బాలల న్యాయ చట్టం దేశమంతటికీ ఒకే చట్టం తెచ్చి, పిల్లలను జైల్లో గానీ పోలీసు లాకప్‌లో గానీ పెట్టకూడదంది. అయితే బాలుడి వయసు 16 దాకా, బాలిక వయసు 18 దాకా అని వేరు చేసింది. 2000 చట్టం ఇద్దరికీ 18 చేసింది. ఆదరణ కావలసిన పిల్లల విషయం బాలల సంక్షేమ కమిటీకి, చట్టంతో తగువు పడిన, అంటే నేరం చేశారన్న ఆరోపణ ఉన్న పిల్లల విషయం బాలల న్యాయ మండలికి అప్పగించింది. ఇప్పుడు నడుస్తున్నది 2015 చట్టం, 2016 జనవరి 15 నుంచి అమల్లో ఉంది. కాబట్టి నేరారోపణ ఉన్న పిల్లలను విచారణ సమయంలో ఉంచే అబ్జర్వేషన్ హోం వేరు, ఆదరణ కావలసిన పిల్లల బాల సదనం వేరు, ఆరేళ్లలోపు పసివాళ్ల శిశు గృహ వేరు. ఊళ్లో జనం మాత్రం ఇంకా మూటగట్టి ఒకటిగానే చూస్తారు. బాల సదనంలో చదివే అమ్మాయిని బడిలో "ఏం చేసి అక్కడికి వెళ్లావు" అని అడిగేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. చట్టం విడదీసినా గోడలు విడదీయలేదు మరి.

మిగతా ప్రపంచం ఈలోగా ఏం చేసింది? భవనం గురించిన వాదన ఐరోపాలో పాతదే. ఫ్లోరెన్సులో బ్రునెలెస్కీ 1419లో మొదలుపెట్టిన శిశు శరణాలయం ముందు అందమైన కమానుల వరండా కట్టి, పిల్లలను విడిచిపెట్టే తల్లికి సిగ్గుపడాల్సిన అవసరం లేని ఒక చోటు ఇచ్చింది. హాంబర్గులో వీహెర్న్ 1833లో పిల్లలను చిన్న కుటుంబాలుగా విడదీసి ఇళ్లలో ఉంచాడు. లండను దగ్గర బర్నార్డో 1876లో బాలికల కోసం కుటీరాల గ్రామమే కట్టాడు. 1960లో ఆమ్‌స్టర్‌డామ్‌లో ఆల్డో వాన్ ఐక్ 125 మంది పిల్లల కోసం కట్టిన శరణాలయంలో ఒక్కో వయసువారికి ఒక్కో చిన్న ఇల్లు, ఒక్కో ముంగిలి ఉన్నాయి. దాని పటం చూస్తే మన మండువాలను పక్కపక్కన పేర్చినట్టే ఉంటుంది. అయితే అంత ఆలోచించి కట్టిన భవనం కూడా ఎక్కువకాలం శరణాలయంగా నిలవలేదు. తర్వాత కార్యాలయాలకు వాడుకున్నారు. పిల్లలను సంస్థల్లో పెంచడమే తగ్గించుకోవాలన్న ఆలోచన అక్కడ అప్పటికే బలపడుతోంది. 1951లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కోసం జాన్ బౌల్బీ రాసిన నివేదిక, పసితనంలో ఒక మనిషితో అనుబంధం తెగితే ఎంత నష్టమో ముందే చెప్పింది. రుమేనియా రాజధాని బుకారెస్టులో 2000లో మొదలైన అధ్యయనం 136 మంది పసివాళ్లలో కొందరిని పెంపుడు కుటుంబాలకు ఇచ్చి చూసింది. సంస్థలో ఉన్నవారికన్నా కుటుంబంలోకి వెళ్లినవారి తెలివితేటలు మెరుగయ్యాయి, చిన్న వయసులో వెళ్లినవారికి మేలు ఎక్కువ జరిగింది.

మూడో చరిత్ర గురించి కొద్దిగా చెబితే చాలు. దళిత, వెనుకబడిన వర్గాల పిల్లల చదువు కోసం ప్రభుత్వం హాస్టళ్లు, తర్వాత 1980ల నుంచి గురుకులాలు పెట్టింది. డెల్టాలో కూలి కుటుంబాల నుంచి వచ్చి ఉపాధ్యాయులు, ఇంజినీర్లు అయినవారి వెనుక ఈ హాస్టలు అన్నం ఉంది. అవి చట్టం లెక్కలో సంరక్షణ గృహాలు కావు. కానీ నాట్ల కాలంలో, కోతల కాలంలో తల్లిదండ్రులు ఊళ్లు పట్టుకుపోతే పిల్లల్ని పెంచింది అవే.

నలభై చదరపు అడుగులు

2015 చట్టం కింద వచ్చిన 2016 నమూనా నియమాలు యాభై మంది పిల్లల గృహానికి ఏమేమి ఉండాలో లెక్కగట్టి చెప్పాయి. పడకగదులు రెండు, ఒక్కోటి 1,000 చదరపు అడుగులు, అందులో 25 మంది. తరగతి గదులు, జబ్బు పడిన పిల్లలకు వేరే గది, వంటగది, భోజనాల హాలు, గ్రంథాలయం, పని నేర్చుకునే చోటు, మాట్లాడుకోవడానికి ఒక సలహాదారు గది, ఇన్‌చార్జి నివాసం. అన్నీ కలిపి 8,495 చదరపు అడుగులు, ఆటస్థలం కాక. ఏడుగురికి ఒక మరుగుదొడ్డి, పదిమందికి ఒక స్నానపు గది. పాత గృహాల దుస్థితి తెలిసినవాళ్లకు ఈ నియమాలు ఎంత పెద్ద ముందడుగో అర్థమవుతుంది.

ఇప్పుడు ఆ పడకగదిలోకి ఒక్క పిల్ల లెక్కన చూద్దాం. 1,000ని 25తో భాగిస్తే నలభై. ఎనిమిది అడుగుల పొడవు, అయిదు అడుగుల వెడల్పు. అందులో మంచం పదిహేను చదరపు అడుగులు తింటుంది. నడవడానికి దారి పోనిస్తే, మంచం కింద మిగిలిన చోటే ఆ పిల్లది. అక్కడ ఒక రేకు పెట్టె. మూత లోపలివైపు అంటించిన దేవుడి బొమ్మో, సినిమా హీరో బొమ్మో, అమ్మ పాస్‌పోర్టు ఫోటోనో. రెండు జతల బట్టలు, దువ్వెన, సగం అరిగిన సబ్బు, పండక్కి వచ్చిన పిన్ని ఇచ్చిన గాజులు. చిన్న తాళం, ఆ తాళంచెవి మెడలో దారానికి. ఎవరైనా గృహాన్ని పరిశీలించడానికి వెళితే మొదట ఆ పెట్టెలకు తాళాలు ఉన్నాయా, తాళంచెవులు పిల్లల దగ్గరే ఉన్నాయా అని చూడాలంటాను. వందమంది మధ్య పెరిగే పిల్లకు 'ఇది నాది' అని చెప్పుకునేందుకు ఉన్నది ఆ పెట్టె ఒక్కటే. తనిఖీ పేరుతో దాన్ని అందరి ముందు బోర్లించడం చిన్న విషయం కాదు.

నమూనా నియమాలు దేశమంతటికీ ఒకటే. డెల్టా నేల మాత్రం వేరు. ఇక్కడ కాస్త తవ్వితే నీళ్లు. వానాకాలంలో మరుగుదొడ్డి గుంతలు నిండి వెనక్కి తన్నుతాయి. కాగితం మీద ఎనిమిది దొడ్లు ఉన్నా ఆగస్టులో పనిచేసేవి నాలుగే అయితే, ఆ నాలుగింటి ముందు తెల్లవారుజామున యాభై మంది నిలబడాలి. ఆడపిల్లల గృహంలో అది ఎంత నరకమో చెప్పక్కర్లేదు. కాలువలు కట్టేసే వేసవిలో చెరువు నీళ్లు అడుగంటుతాయి. అందుకని ఇక్కడ గృహం కట్టేవారు ముందు మెరక చేయాలి, గుంతలను నేలమట్టానికి పైకి లేపి కట్టాలి, కాలువలు మూసిన రోజులకు సరిపడా నీటి తొట్టి ఉండాలి. వరద వచ్చినప్పుడు పిల్లలను ఎక్కడికి తీసుకెళ్లాలో గోడమీద రాసి ఉండాలి. పడకగది కొలతల కన్నా ముందు రావలసిన లెక్కలివి.

గృహాలు ఎందుకు పెరిగాయి

1996 నవంబరు 6 రాత్రి తుపాను కోనసీమను తాకింది. వెయ్యి మందికి పైగా చనిపోయారు, కొబ్బరితోటలు నేలకూలాయి. ఆ తర్వాతి పదేళ్లలో హెచ్‌ఐవీ ఉమ్మడి తూర్పు, పశ్చిమ గోదావరి జిల్లాల్లో ఎన్నో ఇళ్లను కూల్చింది. తల్లీతండ్రీ వరసగా పోయిన పిల్లలు, జబ్బు భయంతో బంధువులు దగ్గరకు రానివ్వని పిల్లలు మిగిలారు. ఇంకోవైపు కువైట్ వంటి గల్ఫ్ దేశాలకు ఇళ్లలో పనికి వెళ్లిన తల్లులు. నెలనెలా డబ్బు వస్తుంది కానీ తల దువ్వే చెయ్యి ఉండదు. 2020–21 కరోనా మరో అల. ప్రతిసారీ విరాళాలు వచ్చాయి, ప్రతిసారీ కొత్త బోర్డులు వెలిశాయి. చాలామంది నిజంగా ప్రాణం పెట్టి పిల్లలను సాకారు, ముఖ్యంగా హెచ్‌ఐవీ పిల్లలను ఎవరూ ముట్టుకోని రోజుల్లో. ఆ రుణం తీర్చలేనిది.

కానీ గృహానికి డబ్బు పిల్లల తలలను బట్టి వస్తే, పిల్లలను ఇంటికి పంపాలన్న తొందర ఎవరికీ ఉండదు. దాతలు కనిపించే వాటికి ఇస్తారు: భవనానికి, శిలాఫలకానికి, భోజనానికి. తల్లి ఇంటి అద్దె కట్టి పిల్లను ఇంట్లోనే ఉంచడానికి ఎవరూ చందా ఇవ్వరు, అక్కడ ఫోటో దిగే చోటు లేదు. అందుకే కొన్ని గృహాల్లో ముందు హాలు, చిన్న వేదిక, అతిథుల కుర్చీలు అన్నీ బాగుంటాయి. వెనకాల స్నానపు గదికి తలుపు గడియ ఉండదు. ఆ ఫోటోల విషయంలో ఒక మాట. సంరక్షణలో ఉన్న పిల్లల గుర్తింపు తెలిసేలా పేరు, బొమ్మ ప్రచురించడం 2015 చట్టం 74వ సెక్షను కింద నేరం. పుట్టినరోజు కేకు ముందు పిల్లలను నిలబెట్టి సామాజిక మాధ్యమాల్లో పెట్టేవారు ఇది తెలుసుకోవాలి. గృహాలు 41వ సెక్షను కింద నమోదు కావడం తప్పనిసరి. నమోదు లేకుండా నడిపితే ఏడాది దాకా జైలు లేదా లక్ష రూపాయలకు తగ్గని జరిమానా, లేదంటే రెండూ పడవచ్చు.

పిల్ల దారి ఎటు

చట్టం చెప్పే దారి ఇలా ఉంటుంది. ఆదరణ అవసరమైన పిల్ల ఎవరికైనా కనిపిస్తే పిల్లల సహాయ నంబరు 1098కి ఫోను చేయవచ్చు. ఇరవై నాలుగు గంటల్లో ఆ పిల్లను బాలల సంక్షేమ కమిటీ ముందు హాజరుపరచాలి. కమిటీలో అధ్యక్షుడు కాక నలుగురు సభ్యులు, కనీసం ఒక మహిళ. కుటుంబ పరిస్థితి మీద నివేదిక పదిహేను రోజుల్లో రావాలి, తుది ఉత్తర్వు నాలుగు నెలల్లో. పసిబిడ్డను అప్పగించిన తల్లికి మనసు మార్చుకోవడానికి రెండు నెలల గడువుంది. సంస్థలో పెట్టడం అన్ని దారులూ మూసుకున్నాకే అన్నది చట్టం మూల సూత్రాల్లో ఒకటి. ముందు సొంత ఇల్లు, తర్వాత బంధువులు, ఆ తర్వాత దత్తత లేదా పెంపుడు కుటుంబం, చివరగా గృహం.

ఈ వరస డెల్టాలో తలకిందులవుతోంది. కారణం దుర్మార్గం కాదు, సమాచారం లేకపోవడం. మిషన్ వాత్సల్య పథకం కింద ఇంట్లోనే ఉండి చదువుకునే పిల్లకు నెలకు 4,000 రూపాయల స్పాన్సర్‌షిప్ ఉంది. గ్రామాల్లో కుటుంబ ఆదాయం ఏడాదికి 72 వేలు, పట్టణాల్లో 96 వేలు దాటకూడదు. షెడ్డులో రొయ్యల తలలు ఒలిచే ఒంటరి తల్లి చాలాసార్లు ఈ పరిమితిలోపే ఉంటుంది. ఆమె దరఖాస్తు పెట్టాలంటే ఆధార్, బ్యాంకు ఖాతా, భర్త పోయి ఉంటే మరణ ధ్రువపత్రం, ఆదాయ పత్రం కావాలి. భర్త వదిలేసి వెళితే ఆ సంగతి చూపే కాగితం ఎక్కడినుంచి తెస్తుంది? అక్కడే ఆమె ఆగిపోతుంది. గృహంలో చేర్చడానికి మాత్రం ఒక్క సంతకం చాలంటారు. ఒంటరి తల్లుల కాగితాలు సరిచేసే మనిషిని ప్రతి మండలంలో కూర్చోబెడితే కొత్త భవనాల అవసరమే చాలావరకు తగ్గుతుందని నా గట్టి నమ్మకం.

అన్ని దారులూ మూసుకుపోయిన పిల్లలు ఎలాగూ కొందరుంటారు. వాళ్లకు ఇల్లు కావాలి. చట్టం 18 ఏళ్లు నిండి గృహం వదిలిన యువతీయువకులకు ఆరు నుంచి ఎనిమిది మంది కలిసి ఉండే చిన్న వసతి ఇమ్మంటోంది. వంట, సరుకులు, కరెంటు బిల్లు, ఇరుగుపొరుగుతో మాట నేర్చుకోవడానికి అది అవసరమని ఒప్పుకుంటోంది. పిల్లల కోసమూ సామూహిక పెంపుడు సంరక్షణ అనే ఏర్పాటును గుర్తించింది: కొద్దిమంది పిల్లలు, ఇంటిలాంటి చోటు, వారిని ఎరిగిన పెద్దవాళ్లు. కాబట్టి యాభై మంచాలకు కొత్త పునాది తవ్వే ముందు ప్రభుత్వమూ దాతలూ తణుకులోనో అమలాపురంలోనో మూడు పడకగదుల డాబా ఇంటిని అద్దెకు తీసుకుని చూడవచ్చు. అన్నదమ్ములూ అక్కచెల్లెళ్లూ విడిపోకుండా ఏడెనిమిది మంది పిల్లలు, జీతంతో అక్కడే ఉండే ఇద్దరు మనుషులు, వీధిలోని మామూలు బడి. బోర్డు అక్కర్లేదు. అద్దె ఒప్పందం, కమిటీ అనుమతి, ఆ ఇద్దరికీ నెలనెలా ఆగకుండా జీతం, మూడు నెలలకోసారి వచ్చి పిల్లలతో విడిగా మాట్లాడే సామాజిక కార్యకర్త ఉండాలి. జీతం ఆగితే మనిషి మారతారు, మనిషి మారితే ఆ ఇంటి ప్రయోజనమే పోతుంది. కాబట్టి బడ్జెట్టులో మొదటి పద్దు అదే కావాలి.